గర్భిణిని కాచుకోవలసింది ఇల్లంతా

గర్భిణికి సోకే అంటువ్యాధుల ప్రస్తావన వచ్చినప్పుడు జాగ్రత్తలన్నీ ఆమె ఒక్కదానికే చెప్పడం వాడుక. చేతులు కడుక్కోమని, కాచిన నీళ్లు తాగమని, జనంలోకి పోవద్దని చెప్పేసి ఇంట్లోవాళ్లు తమ బాధ్యత తీరిందనుకుంటారు. అయితే కడప జిల్లాలోని ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల చుట్టుపక్కల పల్లెల్లో గర్భిణి తాగే నీళ్లు తెచ్చేది, ఆమెకిచ్చే పాలు పితికేది, ఇంటికి మాంసం తెచ్చేది, జ్వరం వస్తే ఎవరి దగ్గరికి తీసుకుపోవాలో తేల్చేది చాలాసార్లు ఆమె కాదు. ఈ పనులు చేసే చేతుల మీదుగానే క్రిమి ఆమెను చేరుతుంది కనుక, ఆ చేతులు మారకుండా ఆమె ఎంత జాగ్రత్తపడినా ఫలితం సగమే. అందుకే ఈ అధ్యాయం గర్భిణికి ఎంత వర్తిస్తుందో భర్తకు, అత్తమామలకు, పుట్టింటివారికి కూడా అంతే వర్తిస్తుంది.

క్రిమి బిడ్డను చేరే మార్గాలు

బాక్టీరియా, వైరస్, పరాన్నజీవి వంటి సూక్ష్మక్రిమి శరీరంలో చొరబడి, అక్కడ పెరిగి హాని చేయడాన్నే ఇన్‌ఫెక్షన్ అంటారు. గర్భిణికి రోగనిరోధక శక్తి మొత్తంగా పడిపోతుందన్న అభిప్రాయం సరికాదు. తండ్రి నుంచి సగం లక్షణాలు తెచ్చుకున్న బిడ్డను పరాయి కణజాలమని తిరస్కరించకుండా ఉండేందుకు ఆ వ్యవస్థ తన పనితీరును కొంత సర్దుకుంటుంది. ఈ సర్దుబాటు వల్ల, శరీరంలో జరిగే ఇతర మార్పుల వల్ల ఫ్లూ, హెపటైటిస్-ఇ, లిస్టీరియా వంటి కొన్ని వ్యాధులు మామూలు మనుషుల కంటే గర్భిణిని తీవ్రంగా దెబ్బతీస్తాయి.

తల్లికి సోకిన క్రిమి బిడ్డను మూడు విధాలుగా చేరగలదు. తల్లి రక్తం నుంచి బిడ్డకు ఆహారాన్ని, ప్రాణవాయువును అందించే మాయను దాటి కొన్ని క్రిములు నేరుగా గర్భంలోకి పోతాయి. మరికొన్ని యోనిమార్గం నుంచి పైకి పాకి, బిడ్డ చుట్టూ ఉండే ఉమ్మనీటిని చేరతాయి. ఇంకొన్ని కాన్పు సమయంలో తల్లి రక్తం, స్రావాల ద్వారా అంటుకుంటాయి. మొదటి మార్గానికి రుబెల్లా స్పష్టమైన ఉదాహరణ. పెద్దవారిలో రెండు మూడు రోజుల దద్దురుతో పోయే ఈ చిన్న జ్వరం తొలి మూడు నెలల్లో గర్భిణికి సోకితే బిడ్డకు పుట్టుకతోనే కంటిశుక్లం రావచ్చునని ఆస్ట్రేలియా కంటివైద్యుడు నార్మన్ గ్రెగ్ 1941లో గుర్తించాడు. చెవుడు, గుండె లోపాలు కూడా దాని పర్యవసానాలేనని తేలింది.

రుబెల్లా టీకాలో బతికున్న, బలహీనపరచిన వైరస్ ఉంటుంది కనుక గర్భం వచ్చాక దాన్ని వేయరు. ముందే వేయించుకుని కనీసం ఒక నెల ఆగి గర్భం ధరించాలి. 2017లో ఆంధ్రప్రదేశ్‌లో జరిగిన తట్టు-రుబెల్లా టీకా కార్యక్రమం 9 నెలల నుంచి 15 ఏళ్ల లోపు పిల్లలకు ఉద్దేశించింది. అప్పటికే ఆ వయసు దాటిన యువతులకు, చిన్నతనంలో కూడా వేయించి ఉండకపోతే, ఈ రక్షణ లేనట్టే. కూతురికి సంబంధాలు చూడడం మొదలుపెట్టిన ఇంట్లో ఈ టీకా సంగతి కూడా వైద్యుని దగ్గర అడిగి తేల్చుకోవడం మంచిది.

మూత్రం ఆపుకునే అలవాటు

గర్భిణులకు ఎక్కువగా వచ్చే ఇన్‌ఫెక్షన్లలో మూత్రనాళ ఇన్‌ఫెక్షన్ ఒకటి, కడప ఎండలు దాన్ని మరింత ప్రోత్సహిస్తాయి. గర్భధారణలో పెరిగే ప్రొజెస్టిరాన్ అనే హార్మోను మూత్రనాళాలను సడలిస్తుంది, పెరిగే గర్భాశయం వాటిని నొక్కుతుంది. రెండూ కలిసి మూత్రం నిలిచిపోయేలా చేస్తాయి, నిలిచిన మూత్రంలో బాక్టీరియా పెరుగుతుంది. పత్తి తీసే చేలల్లో, చీనీ, అరటి తోటల్లో పనిచేసే ఆడవాళ్లకు చాటు లేకపోవడంతో పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఆపుకోవడం, ఆపుకోలేమన్న భయంతో అసలు నీళ్లే తాగకపోవడం ఎన్నో ఏళ్లుగా సాగుతున్న అలవాటు. దుకాణాల్లో నిలబడి పనిచేసే వారికి, బస్సుల్లో రోజూ తిరిగే వారికి ఇదే ఇబ్బంది.

ఈ ఇన్‌ఫెక్షన్‌తో వచ్చే చిక్కు ఏమిటంటే, అది చాలామందిలో ఏ బాధా లేకుండానే మొదలవుతుంది. మంట లేకున్నా మూత్రంలో బాక్టీరియా ఉండే ఈ స్థితి గర్భిణుల్లో 2 నుంచి 10 శాతం మందిలో కనిపిస్తుందని వైద్యశాస్త్రం లెక్కగడుతోంది. చికిత్స చేయకపోతే వారిలో సుమారు 30 శాతం మందికి అది మూత్రపిండాలకు పాకవచ్చు. అప్పుడు చలిజ్వరం, నడుము పక్కన నొప్పి, వాంతులు మొదలై, నెలలు నిండకముందే కాన్పు వచ్చే ప్రమాదం పెరుగుతుంది. కనుక మంట లేదు గదా అని మూత్రపరీక్షను వదిలేయకూడదు. తొలి పరీక్షల్లోనే మూత్రాన్ని కల్చర్ చేయించడం, అంటే ప్రయోగశాలలో బాక్టీరియాను పెంచి చూసి ఏ మందుకు లొంగుతుందో తెలుసుకోవడం, వీలున్నచోట తప్పక జరగాలి.

నమూనా ఇచ్చే తీరు మీదే ఆ పరీక్ష విలువ ఆధారపడుతుంది. చేతులు సబ్బుతో కడుక్కుని, మూత్రద్వారం చుట్టూ నీటితో ముందు నుంచి వెనక్కి శుభ్రం చేసుకుని, మొదటి కొంచెం మూత్రాన్ని వదిలేసి, నడుమ వచ్చే మూత్రాన్ని ఆస్పత్రిలో ఇచ్చిన శుభ్రమైన డబ్బాలో, దాని లోపలి అంచును తాకకుండా పట్టాలి. ఇంట్లోని పాత మందుసీసాలో పట్టుకుపోతే చర్మం మీది క్రిములు, సీసాలోని మురికి కలిసి ఫలితం తప్పుదారి పట్టిస్తుంది.

నివారణకు ఖర్చేమీ లేదు. దాహం వేసేదాకా ఆగకుండా రోజంతా కొంచెం కొంచెంగా నీళ్లు, పలుచటి మజ్జిగ తాగాలి, రెండు మూడు గంటలకోసారి మూత్రానికి పోవాలి, దాంపత్యం తరువాత తప్పక పోవాలి, కాటన్ లోదుస్తులు వాడి రోజూ మార్చుకుని ఎండలో ఆరేయాలి. తోట యజమాని, మేస్త్రీ, దుకాణదారు ఎవరైనా సరే, తమ దగ్గర పనిచేసే గర్భిణికి నాలుగు తడకలు కట్టి మరుగు కల్పించడం, మధ్యలో పోయి వచ్చే వీలివ్వడం ఒక వైద్యసాయమేనని గుర్తించాలి. ఇంట్లో మరుగుదొడ్డి ఉన్నా రాత్రిపూట దానికి వెలుతురు లేకపోతే ఆమె ఆపుకుంటుంది. అక్కడొక బల్బు వేయించడం భర్త చేయగలిగిన పని.

బిందెలో ముంచే చెయ్యి

పెన్న ఏడాదిలో చాలాకాలం ఇసుకమేటగా ఉండే ఈ ప్రాంతంలో ఇళ్లకు బోర్లు, కుళాయిలు, ప్లాంటు నుంచి తెచ్చుకునే క్యాన్‌నీళ్లు ఆధారం. మురుగు కలిసిన నీటితో టైఫాయిడ్, విరేచనాలు, హెపటైటిస్-ఎ, హెపటైటిస్-ఇ వస్తాయి. వీటిలో హెపటైటిస్-ఇ అనే కామెర్ల వైరస్ ఇతరులలో చాలావరకు దానంతటదే తగ్గుతుంది, కానీ ఏడో నెల దాటిన గర్భిణికి సోకితే కాలేయం ఒక్కసారిగా దెబ్బతిని ప్రాణానికే ముప్పు రావచ్చు. 1955-56లో ఢిల్లీలో యమునా నీటిలో మురుగు కలిసి వ్యాపించిన కామెర్లలో గర్భిణులే ఎక్కువగా నష్టపోవడం వైద్యచరిత్రలో నమోదైంది. ఆ వ్యాప్తికి కారణం హెపటైటిస్-ఇ అని దాచి ఉంచిన నమూనాలను పరీక్షించగా తరువాత తెలిసింది.

నీటిని బాగా మరగనిచ్చి, మూతపెట్టి చల్లార్చి వాడటం అత్యంత నమ్మకమైన పద్ధతి. అయితే కాచిన నీళ్లు కూడా బిందె దగ్గరే మళ్లీ పాడవుతాయి. గ్లాసును నేరుగా ముంచినప్పుడు వేళ్ల కొసలు నీటిని తాకుతాయి, ఆ వేళ్లు అంతకుముందు పసిపిల్ల ముడ్డి కడిగినవో, దొడ్డి ఊడ్చినవో కావచ్చు. పొడవైన పిడి ఉన్న గరిటెనో, కుళాయి అమర్చిన స్టీలు డ్రమ్మునో వాడితే ఈ దారి మూసుకుపోతుంది. క్యాన్‌నీళ్లు తెచ్చుకునే ఇంట్లో క్యాన్ లోపలి గోడలు జిడ్డుగా తగులుతున్నాయేమో చూడాలి, అనుమానం ఉంటే ఆ నీటిని కూడా కాచాలి. మరగబెట్టడం వల్ల క్రిములు చస్తాయి గాని నీటిలోని ఫ్లోరైడ్ పోదు కనుక, ఫ్లోరైడ్ ఉన్న బోరునీటిని కాచి తాగడం రెండో సమస్యకు పరిష్కారం కాదన్న సంగతి కూడా తెలిసి ఉండాలి.

కళ్లు పచ్చబడి, మూత్రం ముదురు పసుపురంగుకు తిరిగితే పసరుమందు వేయించుకుని పథ్యం పట్టి రోజులు గడపడం ఈ సీమలో ఇంకా ఉంది. గర్భిణి విషయంలో ఆ ఆలస్యం ప్రాణాంతకం. కామెర్లు కనిపించిన రోజే ప్రొద్దుటూరు జిల్లా ఆస్పత్రికి గాని, కడప రిమ్స్‌కు గాని చేర్చి రక్తపరీక్షలు చేయించాలి. మాటలు తడబడినా, మగతగా ఉన్నా ఒక్క గంట కూడా ఆగకూడదు.

మంద, పాలు, మాంసం

పులివెందుల, జమ్మలమడుగు వైపు పల్లెల్లో గొర్రెలు, మేకలు ఎన్నో ఇళ్లకు జీవనాధారం. జీవాలు నెలలు నిండకుండా ఈసుకుపోవడానికి కారణమయ్యే బ్రుసెల్లా అనే బాక్టీరియా వాటి మాయలోనూ, స్రావాల్లోనూ, పాలలోనూ ఉండి మనుషులకు అంటుకుంటుంది. గర్భిణికి సోకితే విడవని జ్వరం, కీళ్లనొప్పులు, కొందరిలో గర్భస్రావం కలుగుతాయి. కనుక ఈనే గొర్రెకు సాయం పట్టడం, ఈసుకుపోయిన పిల్లను, మాయను ఎత్తి పారేయడం, దొడ్డి కడగడం గర్భిణి చేత చేయించకూడదు. ఆ పని చేసేవారు చేతి తొడుగులు వేసుకుని, మాయను లోతుగా పూడ్చి, బట్టలు మార్చుకున్నాకే ఇంట్లోకి రావాలి. మందలో వరుసగా జీవాలు ఈసుకుపోతుంటే పశువైద్యునికి చెప్పడంతోపాటు, ఇంట్లో గర్భిణి ఉన్న సంగతి కూడా ఆయనకు చెప్పాలి.

బలం వస్తుందని పచ్చి మేకపాలు తాపడం, పొదుగు దగ్గరే గ్లాసు పట్టి ఇవ్వడం మానాలి. పాలు పొంగి బాగా కాగినాకే ఇవ్వాలి. మాంసం విషయంలో టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవిని గుర్తుంచుకోవాలి. అది పిల్లి మలం కలిసిన మట్టి ద్వారా, సరిగా ఉడకని మాంసం ద్వారా సోకి, మాయను దాటి బిడ్డ కళ్లకు, మెదడుకు హాని చేయగలదు. తలకాయ, బోటీ, కాలేయం వంటివి లోపలి దాకా ఉడికి ఎర్రదనం పూర్తిగా పోయాకే గర్భిణికి వడ్డించాలి. మాంసం కోసిన కత్తిపీటతోనే ఉల్లిగడ్డ, కీరదోస కోయకూడదు. సంగటిలోకి నంజుకునే పచ్చి కూరగాయలను మట్టి పోయేలా కడగాలి. తోటపని, పిల్లి తిరిగే ఇసుకలో పని తప్పనిసరైతే చేతికి తొడుగు, కాలికి చెప్పు ఉండాలి. చెప్పులు లేకుండా తడినేలలో తిరిగేవారికి పాదాల గుండా చొరబడే కొంకిపురుగు పేగుల్లో రక్తం పీల్చి రక్తహీనతను పెంచుతుంది; అందుకే నాలుగో నెల నుంచి ఇనుము-ఫోలిక్ మాత్రలతోపాటు ఆరోగ్య కార్యకర్త ఒక నులిపురుగుల మాత్ర కూడా ఇస్తుంది.

దోమ, నల్లి, సూదిమందు

కుళాయి రోజూ రాని వీధుల్లో సిమెంటు తొట్లు, డ్రమ్ములు నింపి పెట్టుకోవడం తప్పదు, తోటల్లో నీటిగుంతలూ ఉంటాయి. డెంగీని మోసే ఏడిస్ దోమ ఇలాంటి మంచినీటిలోనే గుడ్లు పెడుతుంది, పగటిపూట కుడుతుంది; ఆ గుడ్లు వారం పదిరోజుల్లో ఎగిరే దోమలుగా మారతాయి. వారానికి ఒకరోజు తొట్టిని పూర్తిగా వంచి, గుడ్లు గోడకు అంటుకుని ఉంటాయి కనుక అంచులను పీచుతో రుద్ది, ఎండనిచ్చి మళ్లీ నింపితే ఆ చక్రం తెగిపోతుంది. మధ్యాహ్నం పడుకునే గర్భిణికి కూడా దోమతెర కట్టాలి.

డెంగీ అనుమానం ఉన్న జ్వరానికి పారాసిటమాల్ తప్ప ఇతర నొప్పిమాత్రలు వాడకూడదు. ఒళ్లునొప్పులని వేసే డైక్లోఫెనాక్ సూది, ఐబుప్రొఫెన్ మాత్ర రక్తస్రావాన్ని పెంచుతాయి. బీపీ ముప్పు ఉందని వైద్యులే ఆస్పిరిన్ రాసి ఉంటే దాన్ని కొనసాగించాలో ఆపాలో వారినే అడగాలి. జ్వరం తగ్గిన తరువాతి ఒకటి రెండు రోజులే డెంగీలో ప్రమాదకాలం కాబట్టి, కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం, మూత్రం తగ్గడం కనిపిస్తే జ్వరం లేకున్నా ఆస్పత్రిలో చేర్చాలి.

పొదలు, గడ్డి ఉన్నచోట్ల తిరిగే కంటికి ఆనని నల్లిపిల్లలు కుట్టడం వల్ల వచ్చే స్క్రబ్ టైఫస్ రాయలసీమలో కనిపించే మరో జ్వరం. నడుము కట్టు దగ్గర, గజ్జల్లో, రొమ్ముల కింద నొప్పి లేని నల్లటి పక్కు ఉంటే అది దీని గుర్తు. సిగ్గుపడి చెప్పకపోతే వైద్యునికి ఆ గుర్తు దొరకదు. గర్భిణికి సరిపడే మందు ఉంది, సకాలంలో పడితే జ్వరం త్వరగా దిగుతుంది. దీనికి బాగా పనిచేసే డాక్సీసైక్లిన్‌ను గర్భంలో సాధారణంగా వాడరు కనుకనే, వీధి చివరి ఆర్‌ఎంపీ దగ్గర పేరు తెలియని సూది వేయించుకోవడం, మందులషాపులో అడిగి యాంటీబయోటిక్ తెచ్చుకోవడం ప్రమాదం. ఆర్‌ఎంపీ చేయగల మేలు ఒకటుంది: జ్వరమని వచ్చిన గర్భిణికి సూది వేయకుండా అదే రోజు ఆస్పత్రికి పంపడం.

ఇంట్లో ఎవరికైనా అమ్మవారు పోస్తే, అంటే ఆటలమ్మ వస్తే, ఇంతకుముందు ఆ జబ్బు రాని గర్భిణిని వెంటనే వేరే ఇంటికి పంపాలి. వేపమండలు కట్టడం, నైవేద్యం పెట్టడం కుటుంబ విశ్వాసం, వాటివల్ల హాని లేదు; గర్భిణిని ఆ గదిలోకి రానిస్తేనే హాని. ఇప్పటికే దగ్గరగా మెలిగి ఉంటే, ఒంటిమీద పొక్కులు రాకముందే వైద్యునికి చెప్పాలి, ఎందుకంటే రక్షణనిచ్చే ప్రతిరక్షక సూది తొలి పదిరోజుల లోపే ఉపయోగపడుతుంది.

ఇద్దరికీ పరీక్షలు, వేళకు టీకాలు

మూడో నెల దాటకముందే పేరు నమోదు చేయించుకుంటే హెచ్‌ఐవీ, సిఫిలిస్, హెపటైటిస్-బి పరీక్షలు ప్రభుత్వ ఆస్పత్రిలో ఉచితంగా జరుగుతాయి. 2016 నుంచి ప్రతినెలా 9వ తేదీన ప్రభుత్వ వైద్యశాలల్లో గర్భిణులను వైద్యులే పరీక్షించే ఏర్పాటు కూడా ఉంది. హెచ్‌ఐవీ, సిఫిలిస్, హెపటైటిస్-బి మూడూ బయటికి ఏ లక్షణమూ చూపకుండానే బిడ్డకు చేరగలవు, మూడింటినీ బిడ్డకు చేరకుండా అడ్డుకునే వీలుంది. చికిత్స లేకపోతే హెచ్‌ఐవీ తల్లి నుంచి బిడ్డకు సోకే అవకాశం 15 నుంచి 45 శాతం వరకు ఉండగా, మందులు క్రమం తప్పకుండా వాడితే అది 5 శాతం లోపునకు దిగుతుంది. సిఫిలిస్‌కు పెన్సిలిన్ సూది, హెపటైటిస్-బికి పుట్టిన 24 గంటల్లో బిడ్డకు వేసే టీకా అడ్డుకట్ట. భార్యకు మందులిచ్చి భర్తకు పరీక్ష చేయకపోతే సిఫిలిస్ వంటి జబ్బు ఆమెకు మళ్లీ సోకవచ్చు. అందువల్ల భర్త కూడా అదే రోజు పరీక్షకు చేయి చాపాలి. అందులో తలవంపు ఏమీ లేదు.

ధనుర్వాతాన్ని, కంఠసర్పిని నివారించే టీడీ టీకా గర్భం తెలిసిన వెంటనే ఒకటి, నాలుగు వారాల తరువాత మరొకటి వేస్తారు. గత మూడేళ్లలో గర్భిణిగా రెండూ వేయించుకున్నవారికి ఒక్కటే చాలు. ఇలాంటి టీకాల వల్ల, ఆస్పత్రి కాన్పుల వల్ల మనదేశం 2015లో తల్లులకు, నవజాత శిశువులకు వచ్చే ధనుర్వాతాన్ని అదుపులోకి తెచ్చినట్టు గుర్తింపు పొందింది. ఫ్లూ టీకా ఏ నెలలోనైనా సురక్షితమే, వైద్యుని అడిగి వేయించుకోవాలి.

పుట్టింటి ప్రయాణం, కాన్పు, బాలింతకాలం

తొలిచూలు కాన్పుకు పుట్టింటికి తీసుకుపోవడం ఇక్కడి ఆచారం. ప్రొద్దుటూరులో పరీక్షలు చేయించుకున్న అమ్మాయి పులివెందుల దగ్గర పల్లెలో నొప్పులు పడితే, ఆమె రక్తపరీక్షల ఫలితాలు అత్తింటి బీరువాలోనే ఉండిపోవడం జరుగుతుంది. సీమంతం నాడు చీర, గాజులతోపాటు తల్లీబిడ్డల కార్డు, అన్ని పరీక్షల కాగితాలు ఒక సంచిలో పెట్టి పుట్టింటివారి చేతికివ్వాలి. వారు మరుసటి వారంలోనే అక్కడి ఆరోగ్య కార్యకర్తకు (ఏఎన్‌ఎంకు) వాటిని చూపాలి.

ఉమ్మనీరు కారడం మొదలైతే నొప్పులు రాలేదని ఇంట్లో కూర్చోకూడదు. పొర చిరిగినాక గడిచే ప్రతి గంటా క్రిములు పైకి పాకే అవకాశాన్ని పెంచుతుంది. శిక్షణ లేనివారు లోపల చెయ్యి పెట్టి చూడకూడదు. 1847లో వియన్నా ఆస్పత్రిలో ఇగ్నాజ్ సెమ్మెల్‌వైస్ అనే వైద్యుడు క్లోరిన్ నీటితో చేతులు కడిగిస్తేనే సూతికాజ్వరం, అంటే కాన్పు తరువాత గర్భాశయానికి పట్టే ఇన్‌ఫెక్షన్, ఎంతగానో తగ్గుతుందని నిరూపించాడు. బాలింతను, బిడ్డను తాకే ప్రతి చేతికీ ఆ పాఠం నేటికీ వర్తిస్తుంది. జమ్మలమడుగులో లండన్ మిషన్ వారు నెలకొల్పిన క్యాంప్‌బెల్ ఆస్పత్రి వంటివి ఉన్న ఈ ప్రాంతానికి ఆస్పత్రి కాన్పు కొత్త సంగతి కాదు. కొరత ఉన్నది ఇంటికొచ్చాక తీసుకునే శ్రద్ధలోనే.

నీరు పడుతుందని బాలింతకు నీళ్లు తగ్గించడం వల్ల మూత్రంలో ఇన్‌ఫెక్షన్, మలబద్ధకం వస్తాయి. కాచి చల్లార్చిన నీళ్లు ఆమె అడిగినంత ఇవ్వాలి. బొడ్డుకు పసుపు, బూడిద, నూనె ఏదీ పూయకుండా పొడిగా వదిలేయాలి. చూడవచ్చినవారు చేతులు కడిగాకే బిడ్డను ఎత్తుకోవాలి, దగ్గు, జలుబు ఉన్నవారు గుమ్మం దగ్గరే పలకరించి పోవాలి. కాన్పు తరువాత ఆరు వారాల లోపు 100.4 డిగ్రీలు, ఆ పైన జ్వరం వచ్చినా, మైల దుర్వాసన వేసినా, కుట్ల దగ్గర చీము పట్టినా పురుడు కడగలేదని ఆగకుండా ఆస్పత్రికి బయలుదేరాలి.

ఏడో నెలలోపు ఇంట్లో తేల్చుకోవలసినవి

పైన చెప్పినవన్నీ ఆచరణలోకి రావాలంటే ఇంటిల్లిపాదీ ఒకరోజు కూర్చుని ఐదు విషయాలు నిర్ణయించుకోవాలి. నీళ్లు కాచి మూతపెట్టే పని ఎవరిది, వారానికోసారి తొట్టి కడిగేదెవరు, మంద పని, మాంసం పని ఆమె నుంచి ఎవరు అందుకుంటారు, కాగితాల సంచి ఎవరి దగ్గర ఉంటుంది, అర్ధరాత్రి జ్వరం వస్తే 108కు ఫోన్ చేసి వెంట పోయేదెవరు అన్న ఐదింటికీ ఒక్కొక్క పేరు ఉండాలి. 2011 నుంచి అమలులో ఉన్న జననీ శిశు సురక్షా కార్యక్రమం కింద ప్రభుత్వ ఆస్పత్రిలో గర్భిణికి పరీక్షలు, మందులు, కాన్పు, ప్రయాణం ఉచితం కనుక, డబ్బు సర్దుబాటు అయ్యేదాకా ఆగుదామన్న మాటకు తావులేదు.

గర్భిణికి జ్వరం వస్తే అదే రోజు వైద్యునికి చూపడం ఆ ఇంటి నియమం కావాలి. ఆ నిర్ణయానికి ఎవరి అనుమతి కోసమూ ఆమె ఎదురుచూడవలసిన అవసరం ఉండకూడదు; బయలుదేరదామని ఆమె అన్న మాటే చాలునని భర్త, అత్తమామలు ముందుగానే చెప్పి ఉంచాలి.